చల్లని చేతుల రిపోర్టు

మా మేడమ్ పోయిందని ఫోను వచ్చేసరికి నేను ఒక ముసలాయన తలకు వైర్లు అతికిస్తాండా. ఆయా గడప దగ్గరే నిలబడి, "అక్కా, పెనుకొండ నుంచి ఫోను. పెద్ద మేడమ్ తెల్లారి పోయినారంట" అనింది. ఇంకా ఆరు వైర్లు మిగిలుండాయి. మధ్యలో లేస్తే పేస్టు ఎండిపోతాది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల. అతికించినాను. మిషను ఆన్ చేసి, కాగితం మీద గీతలు పడతాంటే అరగంట చూస్తా కూర్చున్నాను. "ఏమమ్మా, నా తలకాయలో ఏమన్నా ఉండాదా, ఏడుస్తాండావు?" అని ముసలాయన బెదిరిపోయినాడు. "నీ తలకాయ బంగారంగా ఉండాది తాతా, కదలకుండా పడుకో" అన్నాను.

ఆమె గురించి నాలుగు మాటలు రాయమని ఆమెతో పని చేసిన మావాళ్లు అడిగినారు. మర్యాదకు 'వారు' అని రాద్దామని కూర్చుంటే రెండు వాక్యాలు కూడా సాగలేదు. మాకు ఆమె 'మేడమ్', అంతే. హిందూపురంలో మా ఆసుపత్రిలో నరాల పరీక్షల గది ఆమె చేతి కింద నడిచేది. డాక్టరు కాదు. డాక్టరు వారానికొక దినం బెంగళూరు నుంచి వచ్చి, రిపోర్టులు చూసి, సాయంత్రం బస్సుకు పోయేవాడు. మిగిలిన దినాలన్నీ ఆ గదికి ఆమే దిక్కు. ఆమె కింద నేను, ఇంకొకాయన, ఒక ఆయా. తొంభైల్లో నేను చేరినప్పుడు మాకున్నవి రెండు మిషన్లు. మూర్ఛలొచ్చే వాళ్లకు మెదడు గీతలు తీసేది ఒకటి. చేతికో కాలికో చిన్న షాకు ఇచ్చి నరం ఎంత వేగంగా పని చేస్తాందో చూసేది ఇంకొకటి. మాది రొద్దం. అందుకని నేను చేరిన దినం నుంచి ఆమె పోయిన దినం దాకా నన్ను "రొద్దం పిల్లా" అనే పిలిచింది. నాకు నలభై దగ్గర పడినా పిల్లనే.

పల్లెల్లో ఆసుపత్రికి పోవాలంటే తలకు బాగా నూనె పెట్టి, నున్నగా దువ్వుకొని వస్తారు కదా. నూనె తలకు వైరు అంటదు. కొత్తలో నేను కసురుకునేదాన్ని. "మా ముందరికి వస్తాండామని మర్యాదగా తయారై వచ్చినారే పిల్లా, తిడతావేమి?" అనేది మేడమ్. గది వెనక కొళాయి దగ్గర ఒక డబ్బా నిండా సీకాయ పొడి పెట్టించింది. ఆయా తలలు రుద్దేది. పరీక్ష అయినాక, పేస్టు అంటుకొని అట్టలు కట్టిన జుట్టును మేడమే తుడిచి, దువ్వి, ఆడోళ్లకు జడ కూడా వేసి పంపేది. బయట జనం ఉసురుసురంటా ఉండేవాళ్లు. "మేడమ్, ఈడ క్యూ చూడండి, జడలు తర్వాత" అని నేను అరిచినా వినేది కాదు. "జుట్టు చెదిరిపోయి బస్సెక్కితే, ఊర్లో పిచ్చి ఆసుపత్రికి పోయొచ్చిందంటారు" అనేది.

పసిపిల్లలకు నిద్రలో గీతలు తీయాల్సొచ్చేది. వాళ్లను నిద్రపోనీకుండా తీసుకురమ్మని చెప్పేవాళ్లం. బుక్కపట్నం నుంచి ఒకామె బస్సులో దారి పొడుగునా బిడ్డను గిల్లుకుంటా వచ్చింది. తీరా ఈడికొచ్చినాక ఆ బిడ్డ కండ్లు పెద్దవి చేసుకొని ఫ్యాను చూస్తాంది, తల్లేమో బెంచీ మీద గురక పెడతాంది! మేడమ్ ఎంత నవ్విందో. తల్లిని లేపనీలేదు, బిడ్డను తనే భుజాన వేసుకొని గదంతా తిరిగింది. గాలి సోకిందని, దేవరకు మొక్కుకున్నామని ఎవరన్నా చెప్తే వాదించేది కాదు. "మొక్కు తీర్చుకోప్పా, బాగా తీర్చుకో. మాత్ర మటుకు ఒక్క పూట కూడా మానొద్దు" అనేది. మధ్యాహ్నం చిత్రాన్నం నాలుగ్గంటలకు నిలబడే తినేది. కూర్చుంటే మళ్లీ లేవలేననేది.

ఇప్పుడు చేతుల సంగతి చెప్పాల. దీని కోసమే ఇదంతా రాస్తాండా.

చెయ్యి చల్లగా ఉంటే నరం నెమ్మదిగా పని చేస్తాది. మంచి నరమే జబ్బు నరం మాదిరి కనపడతాది. అందుకని మా గదిలో ఒక కట్టుబాటు ఉండేది. మనిషి రాగానే ముందు వాళ్ల రెండు చేతులూ మన చేతుల్లోకి తీసుకోవాల. చల్లగా ఉంటే, వేన్నీళ్ల తొట్టిలో పది నిమిషాలు పెట్టించి, తుడిచి, అప్పుడే వైరు తగిలించాల. "చల్లని చెయ్యి అబద్ధం చెప్తాది పిల్లా, దాని మాట రాసుకోవద్దు" అని నాకు లెక్కలేనన్ని సార్లు చెప్పింది.

ధర్మవరంలో ఒకసారి చలికాలం క్యాంపు పెట్టినారు. పట్టు నేసేవాళ్లకు చేతులు తిమ్మిర్లని, ఒక కళ్యాణమండపంలో. పొద్దున ఏడింటికే నూరుమందికి పైన కూర్చోనుండారు. నరాల మిషను ఒక్కటే. మేడమే కూర్చునింది. నడుమ కరెంటు వచ్చీ పోయీ చేస్తాంటే, జనరేటరు సంగతి మాట్లాడొస్తానని లేసి, నన్ను కూర్చోమనింది. ఇరవై నిమిషాలు, అంతే. ఆ ఇరవై నిమిషాల్లో ఒకాయన వచ్చినాడు. నలభై ఏండ్లుంటాయి. చేతులు మోచేతుల దాకా తళతళా కడుక్కొని, నీళ్లు కారుకుంటా వచ్చినాడు. కింద పరిచిన గుడ్డ తడిసిందని, "తప్పయిపాయమ్మా" అన్నాడు. ఆ చేతులు పట్టుకున్నాను. ఐసుగడ్డలు. తొట్టి వైపు చూస్తే నీళ్లు చల్లారిపోయుండాయి. ఆయా మళ్లీ కాచి తేవాలంటే స్టవ్ ముట్టించాల, పావుగంట. నా నడుం పడిపోతాంది, జనం మీద మీదకి తోసుకొస్తాండారు. ఒక్కనికి ఏమైతాదిలే అనుకున్నాను. వైరు తగిలించి, షాకు ఇచ్చి, అంకెలు రాసి పంపించేసినాను.

తెలీక చేసింది కాదు. తెలిసి చేసినాను.

సాయంత్రం రిపోర్టులన్నిటి కింద మేడమ్ సంతకం పెట్టింది. డాక్టరు అంకెలు చూసి, రెండు చేతుల్లోనూ నరాలు దెబ్బతినుండాయి, మగ్గం మానుకోవాల, ఏడాదికి మళ్లీ చూపించుకోవాల అని రాసినాడు.

ఏడాది దాటి ఇంకో నాలుగు నెలలకు ఆయన హిందూపురం వచ్చినాడు. మండే ఎండలు. మేడమే పరీక్ష చేసింది. నరాలు నిక్షేపంగా ఉండాయి. పాత రిపోర్టు తీసి పక్కన పెట్టుకొని చాలాసేపు చూసింది. "జబ్బు నరం ఇట్లా బాగుపడదే" అనింది. తర్వాత ఆయన్ను అడిగింది, "ఆ పొద్దు చేతులు చల్లగా ఉండెనా అప్పా?"

"బోరు కాడ మూడుసార్లు కడుక్కొని వస్తి మేడమ్. రంగులద్దే చేతులు కదా, ఎరుపూ పసుపూ పోనే పోదు. అట్లనే వస్తే మీరు కోప్పడతారని."

"మరి నీకు పరీక్ష చేసింది ఎవరు?"

"తెల్లకోటు ఆమె. మొగం యాడ చూస్తిని మేడమ్? భయంతో నా చేతులే చూసుకుంటా ఉంటిని."

ఆ దినాల్లో రిపోర్టు మీద పరీక్ష చేసిన మనిషి పేరు రాసేది లేదు. మేడమ్ నా వైపు తిరిగింది. అనుమానంతో కాదు. సాక్ష్యం అడిగినట్ల. "ఆ క్యాంపులో పొద్దున పూటంతా మిషను కాడ నేనే కూర్చున్నా కదా పిల్లా?" అనింది. జనరేటరు కోసం లేసింది ఆమెకు గుర్తు లేదు.

నేను పాత కాగితాల కట్ట సర్దుతా ఉన్నాను. ఆ కట్ట సర్దడం అయిపోయినా మళ్లీ విప్పి సర్దినాను. ఆ రెండు నిమిషాల్లో చెప్పింటే సరిపోయేది. ఉద్యోగం పోతాదని భయం, అంతకన్నా ఆమె నన్ను చూసే చూపు మారిపోతాదని భయం. చెప్పలేదు.

ఇంటికొచ్చి చెప్తానని ఆయన్ను పంపించి, ఆ ఆదివారం మేడమ్ ధర్మవరం పోయింది. నన్నూ రమ్మనింది, పోయినాను. ఆయన ఇల్లు రెండు గదులు. గుంత మగ్గం. నేలలో గుంత తీసి, అందులో కాళ్లు పెట్టుకొని నేస్తారు. మేము పోయేసరికి ఆడ గుంత లేదు. మట్టి పోసి, అలికి, పైన చాప పరిచినారు. "డాక్టరు మానుకోమనె కదా మేడమ్, మగ్గం ఇచ్చేస్తి, గుంత పూడిస్తి. పిల్లోల్లు ఆడ పడుకుంటాండారు" అన్నాడు. తనేమో బెంగళూరులో ఏదో గోడౌనుకు కాపలా. నెలకొకసారి వస్తాడంట. భార్య మూలన నిలబడి మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తాండె.

మేడమ్ ఆ చాప మీద కూర్చునింది. "అప్పా, నీ చేతుల్లో ఏ జబ్బూ లేదు. అప్పుడూ లేదు. పరీక్ష తప్పు చేసింది నేను. నీకు చెప్పకపోతే నాకు అన్నం దిగదు" అనింది. ఆయన తిట్టింటే బాగుండు. "పోనీలే మేడమ్, జబ్బు లేదన్నారు, అంతే చాలు" అన్నాడు. భార్య మటుకు ఊరుకోలేదు. "ఏమి చాలు? వాళ్ల తాత నుంచి నేసినారు ఆ గుంతలో. ఇంత మాట చెప్పేకి ఇన్నాళ్లు పట్టెనా మీకు?" అని కొంగు నోట్లో కుక్కుకుంది. నేను మేడమ్ వెనకనే నిలబడుండా. అప్పుడు కూడా చెప్పలేదు.

మర్నాటి నుంచి రిపోర్టు మీద పరీక్ష చేసినవాళ్ల పేరు రాయాలని రూలు పెట్టింది. ఇప్పుడూ మా గదిలో అదే నడుస్తాంది. అందరూ మెచ్చుకుంటారు. మేడమ్ మటుకు మళ్లీ నరాల మిషను ముందర కూర్చోలేదు. "నువ్వు చెయ్యి పిల్లా, నీ చెయ్యి నమ్మకమైనది" అనేది. ఆ మాట ఎన్నేండ్లు విన్నానో! తలకు వైర్లు అతికించేటప్పుడు కూడా, కొలత సరిగ్గా ఉండాదా చూడమని నన్ను పిలిచేది. నాకు పని నేర్పిన మనిషి! తర్వాత, సర్వీసు ఇంకా ఉండంగానే మానేసి పెనుకొండలో ఇంటి పట్టున ఉండిపోయింది. ఆమె కుర్చీ నాకు ఇచ్చినారు.

చెప్పాలని పెనుకొండకు ఎన్నిసార్లు పోయినానో. పోయిన ప్రతిసారీ ఆమె గది సంగతులు అడిగేది. ఆయా మోకాళ్ల నొప్పులు, కొత్త మిషను, బెంగళూరు డాక్టరు విసుగు. నేను చెప్తా ఉండేదాన్ని, బస్సు టైము అయ్యేది. ఈసారి చెప్తాను, వచ్చేసారి చెప్తాను. ఇట్లనే ఏండ్లు గడిచిపోయె. అలిసిపోయినాను నేను. పని చేసి కాదు, ఈ మాట మోసి.

దినాల నాడు పోయినాను. బంధువులంతా తిని లేసినాక, మేడమ్ కూతురు వెనక వసారాలో ఒక్కతే కూర్చోనుండాది. నా కంటే పదేండ్లు చిన్న. "అమ్మ అంత తొందరగా ఎందుకు మానేసింది అక్కా? మీకేమన్నా చెప్పిందా?" అని అడిగింది. మళ్లీ బస్సు టైము గుర్తొచ్చింది నాకు. సిగ్గులేని జన్మ. అయినా ఈసారి లేయలేదు. చల్లని చేతులు, చల్లారిన తొట్టి, పూడ్చిన గుంత, అన్నీ చెప్పినాను. "ఆ పొద్దు మిషను ముందర కూర్చునింది మీ అమ్మ కాదు. నేను" అన్నాను.

ఆ పిల్ల తన చేతుల వైపు చూసుకుంటా అనింది, "కూరలో ఉప్పు వేసినా నన్ను పిలిచి రుచి చూడమనేది అక్కా. 'నా చేతులు నమ్మొద్దే' అనేది. వయసుకు అట్లా అయిందేమో అనుకుంటిని."

ఆమె నా వైపు తిరిగింది.

"అమ్మకు చెప్పింటే ఏం పోయేది?"

"ఏమీ పోయేది కాదు" అన్నాను. నిజంగానే ఏమీ పోయేది కాదు. రెండు దినాలు తిట్టేది, మూడో దినం మళ్లీ రొద్దం పిల్లా అనేది.

"నా ఒక్కదానికే చెప్తే చాలదు. అమ్మతో పని చేసినోళ్లందరికీ తెలియాల. ఆ ధర్మవరమాయన ఇంట్లో కూడా" అనింది. ధర్మవరం ఈ ఆదివారం పోతాండా. మీకు ఇట్లా రాస్తాండా.

పోయొస్తానని లేసినాను. "అన్నం తినలేదు మీరు. దినం నాడు తినకుండా పోగూడదు" అనింది. వద్దంటే వినలేదు. విస్తరి వేసి, అన్నం, పప్పు, వంకాయ కూర, ఓళిగ వడ్డించింది. విసనకర్ర తెచ్చుకొని నాకు ఎదురుగా కూర్చునింది. కోపం లేదు ఆ మొగంలో. కోపం ఉంటే నాకు సుళువుగా ఉండేది. ముద్దకొక గుక్క నీళ్లు తాగినాను. ఆఖరి మెతుకు దాకా తిన్నాను. ఆ పిల్ల గరిటె తీసుకొని ఇంకొంచెం అన్నం పెట్టింది. చెయ్యి అడ్డం పెట్టేకి నాకు మొగం చాలలేదు. మళ్లీ కలుపుకున్నాను.