ఎడమకాలి మడత

దేశం కాని దేశంలో, యూ టీ అనే పేటలో, మా బ్లాకులో ఐదో అంతస్తు నాది, ఏడో అంతస్తు సత్యవాణిది. పదకొండేళ్ళ పరిచయం. ఆవిడ ఇంట్లో పాడైన వస్తువేదీ రిపేరుకని గడప దాటదు. మిక్సీ అయినా, గొడుగు ఊచయినా, కూతురి స్కూలు బ్యాగు జిప్పయినా ఆవిడ చేతిలోనే బాగుపడాలి. భీమవరంలో వాళ్ళ నాన్నగారు కుట్టుమిషన్లు బాగుచేసేవారని నాకు వందసార్లు చెప్పింది. నూటొకటోసారి చెప్పినా వింటాను, ఎందుకంటే నా జాకెట్లన్నీ ఆవిడే సరిచేసిపెడుతుంది.

భర్త సుధాకరరావుగారు బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగి. యాభై ఆరేళ్ళ మనిషి. కింద మడత ఉన్న ప్యాంట్లు తప్ప వేసుకోరు. ఇంకా ఇవేంటండీ అని ఆఫీసు కుర్రాళ్ళు నవ్వినా ఆయనకి పట్టదు. పొట్టి మనిషి కాబట్టి కొన్న ప్రతి ప్యాంటూ తగ్గించాల్సిందే, అది సత్యవాణి చెయ్యాల్సిందే.

మడత ప్యాంటు తగ్గించడం మామూలు ప్యాంటంత సులువు కాదు. ముందు మడత కుట్లు విప్పి, కాలు పూర్తిగా కిందికి వదిలి, పాత గీతలు ఇస్త్రీతో అణిచి, అప్పుడు కొలవాలి. ఎంత తగ్గించినా పైకి కనిపించే మడత మాత్రం ఒకటిన్నర అంగుళమే ఉండాలి. మిగిలిన గుడ్డని చాలామంది కత్తిరించేస్తారు. సత్యవాణి కత్తెర ముట్టదు. "రేపు మళ్ళీ దింపాలంటే గుడ్డెక్కణ్ణించి తెస్తానండీ?" అని లోపలికి మడిచి చేత్తో కుట్టేస్తుంది.

మార్చిలో ఓ ఆదివారం మూడు ప్యాంట్లు పట్టుకుని మా ఇంటికొచ్చింది. "మా ఇంట్లో వెలుతురు చాలట్లేదు వదినగారూ" అంటూ భోజనాల బల్ల మీద పరిచేసింది. మాకంటే రెండంతస్తుల పైనుండే ఇంట్లో వెలుతురు చాలకపోవడమేమిటో నాకు అర్థం కాలేదు. చూస్తే మూడింటికీ ఎడమకాలే విప్పుతోంది.

"రెండోది విప్పవేం?"

"అది బానే ఉందండీ."

"ఒక కాలు పొడుగూ ఒక కాలు పొట్టీ కుట్టాడా కంపెనీవాడు?"

"ఈమధ్య కంపెనీలన్నీ అంతేనండీ" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మేలో అవే ప్యాంట్లు మళ్ళీ వచ్చాయి. మళ్ళీ ఎడమకాళ్ళే. జూలైలో మూడోసారి తెచ్చేసరికి ఆ మడత చపాతీలు పేర్చినట్టు దళసరిగా తయారైంది. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"నిజం చెప్పు సత్యవాణీ. అన్నయ్యగారి కాలికేమైంది?"

సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది. "ఎడమపక్కకి ఒరిగిపోతున్నారండీ. ఆ పక్క ప్యాంటు నేలకి రాసుకుంటోంది. డిసెంబర్లో కాంట్రాక్టు రెన్యువల్. ఆఫీసులో ఎవరి కంటా పడకూడదు కదా. రెండు కాళ్ళూ సమానంగా కనిపిస్తే ఎవరూ తేరిపార చూడరండీ."

"డాక్టరుకి చూపించావా?"

"చూపిస్తే లీవులూ లెటర్లూ, మొత్తం ఆఫీసుకి తెలిసిపోద్ది. రెన్యువల్ అయిపోనివ్వండి, ఆ మర్నాడే తీసుకెళ్తాను. నేనిలా కుడుతున్నట్టు ఆయన దగ్గర మాత్రం అనకండి. గాభరా పడిపోతారు."

కూతురు తన్మయికి పదిహేనేళ్ళు. దానికి దాపరికాలు తెలియవు. ఓరోజు నా ముందే, "అమ్మా, నాన్న ఈజ్ లింపింగ్ లా. యూ నెవర్ సీ, ఈజ్ ఇట్?" అని ఇక్కడి పిల్లల ఇంగ్లీషు యాసలో అనేసింది.

"చెప్పులు లూజే. నువ్వెళ్ళి చదువుకో" అని వాళ్ళమ్మ దాని నోరు మూయించింది. నేను అక్కడే కూర్చుని కాఫీ తాగుతున్నాను. ఒక్క మాట అనలేదు. అంటే ఆవిడ మనసు కష్టపెట్టుకుంటుందనుకున్నాను. నిజం ఒప్పుకోవాలంటే, ఆవిడతో చెడితే నా జాకెట్ల గతేంటన్న చిన్నబుద్ధి కూడా ఎక్కడో ఉండే ఉంటుంది.

ఆగస్టు రెండో వారంలో సుధాకరరావుగారు ఆఫీసు నుంచి వస్తూ ట్రైన్ స్టేషను మెట్ల మీద పడిపోయారు. ఎడమ పాదం లేవలేదట. ఎవరో చైనీస్ ఆంటీ పక్కన కూర్చోబెట్టి, ఆయన ఫోన్లోంచే సత్యవాణికి చేసింది. ఫోను రాగానే ఆవిడ రెండంతస్తులూ పరిగెత్తుకొచ్చి మా తలుపు బాదింది. ఇద్దరం కలిసే వెళ్ళాం.

హాస్పిటల్లో స్కానులయ్యాక ఓ చిన్నవయసు డాక్టరమ్మ వచ్చి కూర్చుంది. నడుము దగ్గర నరం నొక్కుకుపోయిందనీ, ఆపరేషను తప్పదనీ చెప్పింది. కాలికి బలం ఎంత తిరిగొస్తుందన్నది అది ఎన్నాళ్ళుగా నలుగుతోందో దాన్నిబట్టి ఉంటుందట. ఎన్నాళ్ళయిందని అడిగింది.

"టూ వీక్స్" అన్నారు సుధాకరరావుగారు.

డాక్టరమ్మ రాసుకోబోయింది. సత్యవాణి చెయ్యి అడ్డం పెట్టినంత పని చేసింది. "నో డాక్టర్. ఫైవ్ మంత్స్." "మార్చ్ హాఫ్ ఇంచ్. మే ఎగైన్ హాఫ్ ఇంచ్. జూలై..." అని ఆగిపోయింది.

డాక్టరమ్మకి ఆ అంగుళాల లెక్క అర్థం కాలేదు. నేను వివరించాల్సి వచ్చింది. అంతా విని, కలం పక్కన పెట్టి, మార్చిలో వచ్చి ఉంటే చాలావరకు మామూలయ్యేదని చెప్పింది. ఇప్పుడు ఆపరేషను చేసినా ఆ పాదం మళ్ళీ సరిగ్గా లేస్తుందని మాట ఇవ్వలేనంది. ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

సత్యవాణి భర్త చెయ్యి పట్టుకుని భోరుమంది. "నేనే దాచానండీ. మీకు తెలీకుండా ఎడమవైపు ఎత్తి కుడుతూ వచ్చాను. మీరు భయపడతారని..."

"తెలుసే" అన్నారాయన.

ఆవిడ తలెత్తింది. "తెలుసా?"

"మార్చిలోనే తెలిసింది. సోమవారం పొద్దున్న వేసుకుంటే నేలకి తగల్లేదు."

"మరి అప్పుడే నాతో అనొచ్చు కదండీ! డాక్టరు దగ్గరికెళ్దామని ఒక్క మాట అనొచ్చు కదా!"

సుధాకరరావుగారు దుప్పటి కింది ఎడమకాలి వైపు చూసుకున్నారు. ఆయన గొంతులో నిష్ఠూరమన్నది కాస్తయినా ఉంటే నేను తట్టుకునేదాన్ని.

"నువ్వు సరిచేసేశావు కదా వాణీ. ఇంక పర్లేదనుకున్నాను."