ట్యాబులు చదువుకున్న బడి

లెక్కలమ్మ మొదటి వ్యాసం అచ్చు కావడానికి ఐదేళ్ళు పట్టింది. రెండు పత్రికలు తిప్పి పంపాయి, మూడోది నాలుగుసార్లు తిరగరాయించింది. కుట్టుమిషను తొక్కి ఇద్దరు ఆడపిల్లల్ని పెంచిన తల్లికి ఆమె రెండో కూతురు. ఊరి బడిలో చదివి, ఆ ఇంట మొదటి పట్టా పుచ్చుకుని, విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం చెప్పేదాకా ఎదిగిన మనిషి. తరువాత రెండు పుస్తకాలు, మూడు ప్రభుత్వ సంఘాలు, ఒక బంగారు పతకం. చెప్పుకుంటూ పోతే చాంతాడంత ఉంది. అన్నిటికీ మూలం ఆ వ్యాసమే. బడిలో ట్యాబులు వెలిగే గంటలు పెరిగితే మార్కులూ పెరుగుతాయని అందులో తేల్చింది. ప్రభుత్వం ఆ మాట పట్టుకుని, గంటలను బట్టి బడులకు నిధులివ్వసాగింది.

పన్నెండేళ్ళకు ఆ పథకాన్ని దేశమంతా పెట్టాలనుకున్నారు. అందరికంటే ఎక్కువ గంటలు చూపిన బడిని చూసి రమ్మని ఆమెనే పంపారు.

తరగతిలో పిల్లలు లేరు. గోడవారగా బల్లమీద నలభై ట్యాబులు బారులు తీరి, నలభై గొంతులతో భాగహారం చెబుతున్నాయి. పిల్లలు వెనక వసారాలో నల్లబల్ల ముందున్నారు.

"ఇదేమిటమ్మా?"

పంతులమ్మ దాచలేదు. "గంటలు తగ్గితే నిధులు ఆగిపోతాయండి. అందుకే వాటిని లోపల చదువుకోమని, మేం బయట చదువుకుంటున్నాం."

"మరి మార్కులో?"

"మా పిల్లలకి బాగానే వస్తాయండి. వాటి సంగతే తెలీదు."

లెక్కలమ్మ పడీపడీ నవ్వింది. తిరుగు బస్సులో మాత్రం నవ్వు రాలేదు. పాత కాగితాలు తీసి వారం రోజులు తిరగేసింది. శ్రద్ధగల పంతుళ్ళున్న చోటే ఆనాడు ట్యాబులు సరిగ్గా వెలిగాయి. మార్కులు తెచ్చింది ఆ పంతుళ్ళు. ఆ పేరు ఆమె కట్టబెట్టింది యంత్రాలకు.

వ్యాసం వెనక్కి తీసుకుంటానంటే శాఖాధిపతి తల పట్టుకున్నాడు. "కూర్చున్న కొమ్మనే నరుక్కుంటారా మేడమ్? ఎవరడిగారు మిమ్మల్ని?"

"వచ్చే నెల సంతకాలు పడితే, ఇంకో లక్ష బడుల్లో ట్యాబులే చదువుకుంటాయి సార్."

పత్రికకు ఉత్తరం రాసి పంపింది. సంఘాల్లోంచి పేరు తీసేశారు. ఆమె దగ్గర పరిశోధన చేసేవాళ్ళు ఒక్కొక్కరే వేరే గురువును వెతుక్కున్నారు. క్యాంటీన్లో ఒకప్పుడు కుర్చీ లాగి పిలిచినవాళ్ళు ఇప్పుడు ఆమె వస్తుంటే తలవంచుకుని గబగబా తినేస్తున్నారు. ఆదివారాలు ఫోను మోగితే అక్కే.

"ఏమే, నీ తప్పుకి నువ్వే చాటింపు వేసుకున్నావటగా?"

"వేసుకున్నానక్కా."

"అన్నం తిన్నావా?"

"తిన్నాను." తినలేదు.

బావ ఫోను లాక్కున్నాడు. "మా ఆఫీసులో తప్పు ఒప్పుకున్నవాడు ఇంతవరకు పుట్టలేదు మరదలా! నీకింకో పతకం వెయ్యాలి."

"వేస్తే మాత్రం ఎవరికి చూపించుకోను బావా?"

బావ ఫోను మళ్ళీ అక్క చేతికిచ్చాడు.

చివరికి సంతకాలు ఆగాయి. మళ్ళీ లెక్క తేలేదాకా పథకం కదలదని ప్రభుత్వం చెప్పింది. ఆ లెక్క తనే తీస్తానని, తోటి అధ్యాపకులను తోడు రమ్మంటే, ఒకరికి పరీక్షలు, ఒకరికి నడుం నొప్పి. అరవై బడులు, బడికి రెండు రోజులు. వెనక బెంచీ మీద కూర్చుని, పిల్లల్లో ఎవరికి ఏం వచ్చో తన కళ్ళతో చూడాలని ఆమె ఒక్కతే బయల్దేరింది. గది తాళం అందుకుంటూ గుమాస్తా ఎప్పుడొస్తారని అడిగి, తలుపు మీద కాగితం అంటించాడు: తిరిగి వచ్చేది మార్చి పద్దెనిమిది.