గుట్ట మీద మూడో పిలుపు

నేను విన్నదే చెబుతున్నాను. పిల్లల మీద ఒట్టు పెట్టడం నాకు ఇష్టం ఉండదు. కావాలంటే ఈ రెండు చెవుల మీద పెడతాను, విన్నది ఇవే కాబట్టి. నమ్మేవాళ్ళు కూర్చోండి. నమ్మనివాళ్ళు దీపం ఆర్పి పడుకోండి, నూనె అయినా మిగులుతుంది.

మాది మాచర్ల దగ్గర పల్లె. అప్పటికింకా తెల్లవాళ్ళ రాజ్యమే. యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరకదు, గుడ్డ దొరకదు. పండించిన జొన్నల్లో సర్కారు వాటా సర్కారుకు కొలవాలి. ఆ కరువులో ఎక్కడినుంచో ఒక స్వామి వచ్చాడు. నల్ల కంబళి కప్పుకుని తిరిగేవాడు. లోకం మునిగిపోతుంది, గుట్ట ఎక్కినవాళ్ళే మిగులుతారు అనేవాడు. జనం నమ్మారు. ఇల్లూ గొడ్డూ వదిలి, పండిన జొన్నలు మూటగట్టుకుని ఆయన వెంట పడమటి గుట్ట ఎక్కారు. పైన పడిపోయిన పాత కోటగోడ ఉంది. గోడ వెనక గుహ. అందులో చేరి అందరూ నల్ల కంబళ్ళు కప్పుకున్నారు. వాళ్ళను మేము కంబళి స్వాములు అనేవాళ్ళం.

మా చెల్లెలు రత్తమ్మ కూడా వాళ్ళలో కలిసింది.

అమ్మ పోయాక దాన్ని సాకింది నేనే. పెళ్ళైన ఏడాదికే దాని మొగుడు పాము కరిచి పోయాడు. అత్తింటివాళ్ళు దాని మొహం చూడటానికి కూడా ఇష్టపడలేదు. గుట్ట మీద మాత్రం ఎవరూ దాన్ని ముండ అనలేదట. అందుకే పోయింది. నేను వెళ్ళి బతిమాలితే, "ఈడ నన్ను మనిషిలా చూస్తున్నారక్కా" అంది. నేను తిట్టి వచ్చేశాను.

తర్వాత జొన్నలు కొలవమని సర్కారు మనుషులు గుట్ట ఎక్కారు. కంబళి స్వాములు నాటు తుపాకులు తీశారు. ఒక బంట్రోతు తొడలో గుండు దిగింది. అంతే, గుంటూరు నుంచి రిజర్వు పోలీసులు మాచర్ల రైల్లో దిగారు. గుట్టను చుట్టుముట్టారు. నీళ్ళకు దిగే దారి మూసేశారు. పగలు వీళ్ళు లొంగిపొమ్మని అరిస్తే, వాళ్ళు మాట వినపడకుండా శంఖాలు ఊది డప్పులు కొట్టేవాళ్ళు. పొద్దుగూకితే మాత్రం వాళ్ళది మౌనవ్రతం. ఒక్క చప్పుడు ఉండదు. దూరంగా ఎత్తిపోతల జలపాతం హోరు ఒక్కటే...

చివరికి పోలీసు దొర ఒక ఏర్పాటు చేశాడు. లోపలున్నవాళ్ళ తాలూకు మనుషులు రాత్రిపూట గోడ దగ్గరకు వచ్చి పేరు పెట్టి పిలవాలి. పిలుపు విని బయటికి వచ్చినవాళ్ళను ఏమీ అనరు. రానివాళ్ళ సంగతి తెల్లవారితే తుపాకులే చూస్తాయి.

కబురు అందగానే మా అత్త, నేను బయలుదేరాం. మా అత్తకు పోలీసులంటే భయం లేదు. గుట్ట కింద పెట్రోమాక్సు లైట్లు చూసి, "ఊరికి ఒక్క చుక్క కిరసనాయిలు లేదు గానీ, ఈళ్ళకు పట్టపగల్లా ఎలగాలా?" అంది. నరసరావుపేట నుంచి వచ్చిన హెడ్డు కానిస్టేబులు మస్తాన్ నవ్వాడు. "అమ్మా, మెల్లగా. దొర ఇంటాడు" అన్నాడు.

లైట్లు కిందనే వదిలి పైకి తీసుకువెళ్ళారు. చీకటి. గోడకు ఇవతల ఒక పెద్ద రాయి. ఆ రాయి చాటున వంగుని, రేకు బాకా నోటికి పెట్టుకుని పిలవాలి. మాకు ముందు ఒక ముసలాయన పిలిచాడు. "ఒరేయ్ కోటయ్యా... నేన్రా, నాయన్ని..." అన్నాడు. గుహలోంచి బదులు లేదు. దొర ఆయన చేతిలోంచి బాకా లాక్కుని తర్వాతివాళ్ళకు ఇచ్చాడు. అలా ఒక్కొక్కరూ ఒక్కొక్కసారే పిలిచారు. ఎవరూ పలకలేదు.

మా వైపు రాత్రిపూట బయటినుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఒక్క పిలుపుకు పలకరు. రెండో పిలుపుకూ పలకరు. మూడోసారి కూడా పిలిస్తేనే మనిషి. అంతకు ముందే పలికితే, పిలిచింది ఏదైతే దాని వెంట పోవాల్సిందే. చంటిపిల్లలకు కూడా ఇది నేర్పిస్తాం. రత్తికి నేర్పింది నేనే.

"దొరా, ఒక్క పిలుపుకు ఎవరూ రారు. మూడుసార్లు పిలవనియ్యి" అన్నాను.

మస్తాన్ కూడా, "నిజమే దొరా, ఈ వైపు అంతే" అన్నాడు.

దొర మన వైపు మనిషి కాదు. కానీ చెడ్డవాడూ కాదు. "గొంతు వినపడిన చోటికి వాళ్ళు గురి పెడతారమ్మా. ఒక్కసారి పిలిచి తప్పుకుంటే బతుకుతావు" అన్నాడు.

బాకా నా చేతికి వచ్చింది.

"రత్తాలూ... ఓ రత్తాలూ..."

నా గొంతు గోడకు తగిలి తిరిగి వచ్చింది. బదులు లేదు. దొర బాకా కోసం చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు. మళ్ళీ పిలిచాను.

"రత్తాలూ... ఓ రత్తాలూ..."

ఢాం అని మోత. నా తల పక్కన రాయి పెచ్చు ఎగిరింది. తుపాకి మందు వాసన. దొర బాకా లాగేసుకున్నాడు. నేను ఉత్త నోటితోనే పిలవబోయాను. మా అత్త నన్ను నేలకు అదిమి నోరు మూసింది. "సస్తావే సుబ్బులూ... నీకూ పిల్లలున్నారే..." అంటూ చెవిలో గొణిగింది. పెద్ద చెయ్యి ఆమెది. నాకు ఊపిరి కూడా ఆడలేదు.

ఇంకొక్కటి. ఒక్క పిలుపు మిగిలిపోయింది. రత్తి లోపల మూడోదాని కోసం చూస్తూ ఉంటుంది... తెల్లవారితే కాలుస్తారు... నేను గింజుకుంటున్నాను.

అంతలో...

ఎత్తిపోతల హోరు ఆగిపోయింది. ఆగిందో, నా చెవులే మూసుకుపోయాయో చెప్పలేను. మస్తాన్ బూటు కింద గులకరాయి కిర్రుమంది. ఆ చిన్న చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత అదీ లేదు.

అప్పుడు వినపడింది.

"రత్తాలూ..."

మెల్లగా. ముద్దుగా. చిన్నప్పుడు దాన్ని నిద్ర లేపేటప్పుడు పిలిచినట్టు.

"ఓ... రత్తాలూ..."

ఆ గొంతు నాదే. మా అత్త చెయ్యి నా నోటి మీదే ఉంది. ఆ చెయ్యి చల్లబడటం నా పెదాలకు తెలిసింది. దొర కోపంగా నా వైపు తిరిగాడు. "పిలవొద్దన్నానా!" అనబోయి, దగ్గరికి వంగి మూసి ఉన్న నా నోరు చూశాడు. మస్తాన్ ఏదో దువా చదువుకోవడం మొదలుపెట్టాడు.

గోడ మీదుగా ఎవరో దూకారు. పరుగు. రాళ్ళు దొర్లుతున్నాయి. పోలీసులు తుపాకులు ఎత్తారు. మా అత్త చెయ్యి కొరికి, "కాల్చొద్దయ్యా! మా చెల్లెలయ్యా!" అని అరిచాను.

రత్తి వచ్చి మస్తాన్ కాళ్ళ దగ్గర పడింది. కంబళి లేదు. మోకాళ్ళు చీరుకుపోయాయి. నేను, "రత్తీ" అంటూ దగ్గరికి పోతే, కెవ్వుమని అరిచి మా అత్త వెనక దాక్కుంది. గుట్ట దిగి నా మొహం లైటులో చూసేదాకా నన్ను రానియ్యలేదు.

తెల్లవారాక పోలీసులు గోడ ఎక్కారు. తుపాకీ పేలలేదు. చాలాసేపటికి మస్తాన్ కిందికి దిగి వచ్చాడు.

"ఎవరూ లేరు చెల్లెమ్మా. కంబళ్ళున్నాయి. తుపాకులున్నాయి. మనిషి లేడు" అన్నాడు.

కోటయ్య నాయన గుట్ట పైకి పోతానంటే ఇద్దరు పట్టుకుని ఆపారు.

రాత్రికి రాత్రి కృష్ణ దాటి నిజాం వైపు పారిపోయారని సర్కారు తేల్చేసింది. అయి ఉండవచ్చు. గుహకు వెనక దారి ఉందేమో. పోలీసులు వెతికారు, దొరకలేదు. అయినా నా బోటిదానికి గుహల సంగతి ఏం తెలుసు?

రత్తి చాలా రోజులు మాట్లాడలేదు. ఒకనాడు జొన్నరొట్టె ముందు పెడితే, తినకుండా అడిగింది.

"అక్కా, నువ్వు లోపలికి ఎట్టా వచ్చావే?"

"నేనెక్కడ వచ్చానే?"

"రెండుసార్లు గోడ అవతలనుంచి పిలిచావు. మూడోది కూడా అటునుంచే వస్తదని చూస్తన్నా. అది నా ఎనకనుంచి వచ్చింది. గుహ లోపలనుంచి. ఊపిరి మెడకు తగిలింది. అందుకే బయటికి ఉరికా."

"మరి మిగతావాళ్ళేమయ్యారే?" అన్నాను.

"ఉరుకుతా ఒక్కసారి ఎనక్కి చూశా. అందరి పేర్లూ పిలుస్తన్నారు లోపలనుంచి. ఎవరి తాలూకు గొంతు వాళ్ళకు. కోటయ్య, 'వస్తన్నా నాయనా' అంటా లేచి లోపలికి పోతన్నాడు."

ఆ మాట కోటయ్య నాయనకు చెప్పలేదు. నా కొడుకు నిజాం వైపు ఎక్కడో ఉన్నాడు అనుకుంటూనే ఆయన పోయాడు.

అది రత్తిని లోపలికి పిలిచిందా, బయటికి తరిమిందా? మంచిదా, చెడ్డదా? ఎన్ని రాత్రులు ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. రత్తి ఇప్పుడు పక్క గదిలోనే పడుకుని ఉంది. దానికి మందు ఇవ్వాల్సిన వేళైంది. పిలవను. లేచి వెళ్ళి, దీపం నా మొహం మీద పడేట్టు పట్టుకుని, దాని ఎదుట నిలబడతాను. ఈ ఇంట్లో దాన్ని లేపే పద్ధతి ఇదొక్కటే.