బస్సు అద్దం మీద పాఠం

మావారు చనిపోయిన ఏడాది, ఐర్లండ్‌లో డండాక్ నుంచి డబ్లిన్ వెళ్లే బస్సులో ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. నర్సు పని చేసే కూతుర్ని చూడడానికి గుంటూరు నుంచి వచ్చిందట. నేను అదే పనిగా ఫోను చూసుకోవడం గమనించింది.

"ఏంటమ్మా, అంత ఆలోచన?"

"లెక్కల టీచర్ని ఆంటీ. మాస్టర్స్‌కి రెండు సీట్లొచ్చాయి. సాయంత్రంలోగా ఒకటి ఒప్పుకోవాలి. ఒకటి స్కూల్ నడపడం గురించి. అది చదివితే ప్రిన్సిపాల్ అవ్వొచ్చు. నన్ను ఆ కుర్చీలో చూడాలని మావారి కోరిక. ఆయన ఇప్పుడు లేరు."

"మరి రెండోది?"

"కరిక్యులమ్. పిల్లలకి ఏది ముందు చెప్పాలి, ఎలా చెప్పాలి అని."

"ఏది ముందు చెబితే ఏంటి? లెక్కలు లెక్కలేగా!" అని నవ్వింది.

వానకి అద్దం ఆవిరి పట్టి ఉంది. దాని మీద వేలితో ఒక రొట్టె గీసి నాలుగు ముక్కలు చేశాను. ముక్కలు చూడని పిల్లకి భిన్నాలు అంకెల్లో రాసిస్తే ఎందుకు భయమేస్తుందో చెప్పాను.

ఆవిడ బొమ్మని కాదు, నన్ను చూస్తోంది.

"గీసి పక్కకి జరిగావు, నాకు కనపడాలని. ప్రిన్సిపాల్ గదిలో ఎవరి కోసం జరుగుతావు తల్లీ?"

"కానీ మావారు..."

"నువ్వు పాఠం చెబుతుంటే ఆయన ఎప్పుడైనా చూశాడా?"

"చూళ్లేదు" అన్నాను.

ఆవిడ డబ్లిన్‌కి ముందొచ్చే స్వోర్డ్స్‌లో దిగిపోయింది. ఆవిడ పేరైనా నేను అడగలేదు. డబ్లిన్ చేరేలోపు కరిక్యులమ్ సీటుకి ఒప్పుకుంటున్నానని రాసి పంపాను. దిగేముందు, పీరియడ్ అయ్యాక బోర్డు తుడిచినట్టు, ఆ అద్దం తుడిచాను.