బిగించినవాళ్ళు చుక్క పెట్టకూడదు

పొద్దున్న మా మేనకోడలు నా పక్కన కూర్చుని గోళ్ళరంగు సీసా మూత తీసింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే దాని వెనకాలే ఇంజిన్ ఆయిల్ వాసన కూడా వచ్చినట్టయింది. నాకెప్పుడూ ఇంతే. ఆ రెండు వాసనలూ ఒకదాన్నొకటి విడిచి రావు. "అత్తా, నీకూ వేయనా?" అంది. "నా సీసా షెడ్డులో ఉందిలే" అన్నాను. అది పకపకా నవ్వింది. ఆ సీసా సంగతి దానికేం తెలుసు? చెప్పాలంటే అప్పలనాయుడు గారి దగ్గర మొదలుపెట్టాలి. అంత చెప్పే ఓపిక ఈ మధ్య నాకు ఉండటం లేదు. అందుకే ఇలా రాసి పెడుతున్నాను.

చింతపల్లి ఘాటీ ఎక్కే జీపులూ లారీలూ ఆయాసపడి ఆగిపోతే వాటి ఇంజిన్లు చివరికి చేరేది మా నర్సీపట్నంలో అప్పలనాయుడు గారి షెడ్డుకే. ఊరంతా ఆయన్ని మేస్త్రీ గారనేవారు. పొట్టి మనిషి, మెడలో ఎప్పుడూ ఒక నీలం తువ్వాలు, కోపం ముక్కు మీదే. డిగ్రీ చేసి, ఏ ఉద్యోగమూ దొరక్క, విసుగెత్తి నేను ఆయన దగ్గర స్పేర్ పార్టుల కౌంటరులో చేరాను. ఇచ్చే ప్రతి సామానునూ డబ్బా తెరిచి చూసి మరీ ఇచ్చే నా చాదస్తం ఆయన కంట పడింది. ఒకరోజు లోపలికి పిలిచారు. "సేతులకి నూనంటుకుంటాదని బయమేటి?" అన్నారు. "లేదండీ" అన్నాను. "అయితే బేగిరా" అని ఒక గోళ్ళరంగు సీసా నా చేతిలో పెట్టారు. ఫ్యాన్సీ షాపులో దాన్ని కొనడానికి ఎంత సిగ్గుపడ్డారో తర్వాత వాళ్ళావిడ చెప్పి నవ్వేది.

ఆ షెడ్డులో పద్ధతి ఇది. ఇంజిన్ లోపలి బోల్టుల్ని బిగించడానికి ఒక ప్రత్యేకమైన పానా ఉంటుంది. కావలసినంత బిగువు రాగానే అది టక్కుమంటుంది. ఆయన బిగించాక నేను అదే పానాతో మళ్ళీ నొక్కి చూడాలి. టక్కుమంటేనే బోల్టు తల మీద ఎర్రచుక్క పెట్టాలి. "మీరు బిగించారు కదండీ, ఆ చుక్కేదో మీరే పెట్టేయొచ్చు కదా" అన్నాను మొదటి వారంలోనే. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "బిగించినోడి కంటికి అన్నీ బిగువుగానే కనపడతాయమ్మా. నా తప్పు నాకెలా అగుపిస్తాది? నీకగుపిస్తాది" అన్నారు. ఎంత పనిమంతుడు వచ్చి చేరినా ఆ షెడ్డులో తన బోల్టుకు తాను చుక్క పెట్టుకోవడం కుదరదు. ఆ మాట మీద అలిగి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు.

అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసే వాళ్ళబ్బాయి శేఖర్ మా దగ్గరకు వచ్చింది ఆ రోజుల్లోనే. పాత చిన్నకారు ఒకటి పెట్టుకుని చెన్నై దగ్గర ట్రాకు మీద పందేలకు తోలేవాడు. ఇంజిన్ పైభాగం అతని దగ్గర సిద్ధంగా ఉంది. కింది సగం, అంటే బ్లాకు, అందులో తిరిగే క్రాంకు, రాడ్లు, పిస్టన్లు మేమే కట్టాలి. షార్ట్ బ్లాక్ అంటారు దాన్ని. మా వైపు లారీవాళ్ళకు ఒక నమ్మకం ఉంది. కొత్తగా కట్టిన ఇంజిన్ని చేత్తో తిప్పి చూస్తారు. ఎంత బరువుగా తిరిగితే అంత బాగా కట్టినట్టు. లారీకి అది చెల్లుతుంది. మొదటి నెల మెల్లగా తోలతారు కాబట్టి దానంతటదే సర్దుకుంటుంది. పందెం కారుకు ఆ నెల ఎవరిస్తారు? మేస్త్రీ గారు అలవాటు కొద్దీ బిగుతుగా కట్టారు. ట్రాకు మీద కాసేపటికే క్రాంకు తిరగకుండా పట్టేసింది. విప్పిన ఇంజిన్ ముందు ఆయన భోజనానికి కూడా లేవకుండా కూర్చున్నారు. "లారీ బుద్దితో కట్టేసినానమ్మా" అన్నారు, ఎవరో చచ్చిపోయినట్టు.

అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. రేకుల షెడ్డు వేడెక్కితే ఇనుమూ సాగుతుంది, కొలతా మారుతుంది కాబట్టి కొలతలన్నీ పొద్దున్న చల్లగా ఉన్నప్పుడే తీసేవారు. పైన మూత బిగించినప్పుడు సిలిండర్లు కొద్దిగా వంకరపోతాయని, ఒక దళసరి ఇనప పలకను ముందే బిగించి, ఆ వంకరలోనే లోపల గుండ్రంగా సానపట్టించారు. బేరింగుల దగ్గర నూనె నిలవడానికి ఖాళీ పెంచారు. రెండో ఇంజిన్ క్రాంకు సులువుగా తిరుగుతుంటే లారీవాళ్ళు ముసిముసిగా నవ్వారు. "ఏటి మేస్త్రీ, ఒదులొగ్గేసినావు?" అన్నాడొకడు. "నూనెకి కూడా కాసింత సోటుండాలి కదరా" అన్నారాయన. ఆ ఇంజిన్ ఆ ఏడు పందేలన్నీ విప్పకుండా తిరిగింది. శేఖర్ మిఠాయి పొట్లంతో వచ్చి ఆయన కాళ్ళకు దణ్ణం పెడితే, "నాకు కాదు, సుక్కలెట్టిన ఈ అమ్మకెట్టు" అన్నారు.

కొన్నేళ్ళు బాగానే గడిచాయి. ఆ తర్వాత ఆయనకు మతిమరుపు మొదలైంది. తాగిన టీ మళ్ళీ అడిగేవారు. నన్ను కూతురి పేరుతో పిలిచేవారు. వయసు కదా అనుకున్నాం. చేతుల్లో పనితనం మాత్రం చెక్కుచెదరలేదు.

ఒకసారి చుట్టాల పెళ్ళికి రోలుగుంట వెళ్ళి మర్నాడు షెడ్డుకు వచ్చాను. శేఖర్ కొత్త ఇంజిన్ స్టాండు మీద బోర్లించి ఉంది. రాడ్ల బోల్టులన్నిటి మీదా ఎర్రచుక్కలు ఉన్నాయి. బయట శేఖర్ వ్యానుతో సిద్ధంగా ఉన్నాడు. మధ్యాహ్నంలోగా బయలుదేరకపోతే పందెం అందదు. అది పోతే ఏడాదంతా పడ్డ కష్టం పోయినట్టే. "నిన్న నువ్వే ఎట్టినావు కదమ్మా సుక్కలు, ఎత్తించీమందునా?" అన్నారు మేస్త్రీ గారు, అనుమానమే లేకుండా. అవునంటే అంతా సాఫీగా సాగిపోతుంది. కానీ ఆ వేగంలో ఒక్క బోల్టు తెగినా రాడ్డు బ్లాకును పగలగొట్టుకుని బయటికొస్తుంది, నూనె చక్రాల కిందికి కారుతుంది, కారులో ఉండేది శేఖర్. కాదంటే, మీ బుర్ర పనిచేయడం లేదని ఆ మనిషికి పరాయివాడి ముందు చెప్పినట్టు. చివరికి, "నిన్న నేను ఊళ్ళో లేనండీ" అన్నాను.

ఆయన నన్నూ, చుక్కల్నీ మార్చి మార్చి చూశారు. శేఖర్ కంగారుగా, "పానా పెట్టి ఓసారి చూసేస్తే సరిపోదా అండీ?" అన్నాడు. జవాబు ఆయనే చెప్పారు. "తక్కువైతే పానా సెప్తాది బాబూ. మర్సిపోయి రెండోమారు ఎక్కువ బిగించీసుంటే ఏదీ సెప్పదు. బోల్టు సాగిపోయుంటాది." తర్వాత నాతో, "ఇప్పమ్మా" అని స్టూలు మీద కూలబడ్డారు.

బోల్టులన్నీ విప్పి పొడవులు కొలిచాను. బేరింగులు తీసి చూశాను. సాయంత్రమైంది. వ్యాను ఖాళీగా వెళ్ళిపోయింది. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. ఆయన అన్నీ సరిగ్గానే బిగించారు. నాకు ఏడుపు ఆగలేదు. "అన్నీ బాగానే ఉన్నాయండీ, అనవసరంగా పందెం పోగొట్టాను" అన్నాను. "బాగున్నాయని ఇప్పుడు తెలిసినాది. పొద్దున్న తెలీదు కదేటి" అన్నారాయన. పానా నా చేతిలో పెట్టి, సీసా తాను తీసుకున్నారు. "ఇకన నువ్వు బిగించు. సుక్క నానెడతాను."

పోయేదాకా అదే పని చేశారు. నా పేరు పూర్తిగా మర్చిపోయాక కూడా పానా అందిస్తే నొక్కి, చెవి ఒగ్గి, టక్కుమన్నాకే వణుకుతున్న చేత్తో చుక్క పెట్టేవారు. ఆ చప్పుడు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, వింటే చాలు. కొన్నాళ్ళు మాట్లాడడం మానేసిన శేఖర్ కూడా మళ్ళీ ఇంజిన్ తెచ్చింది ఇక్కడికే.

ఇప్పుడు షెడ్డు నేనే నడుపుతున్నాను. పని నేర్చుకున్నవాళ్ళు విశాఖపట్నం వెళ్ళిపోతున్నారు. భుజాలు లాగేస్తున్నాయి. ఈ సాయంత్రం శేఖర్ ఇంజిన్లో చివరి బోల్టు బిగించేసరికి షెడ్డులో నేను తప్ప ఎవరూ లేరు. చుక్క పెట్టడానికి వచ్చే పక్క షెడ్డు వెల్డరు పని మీద రావికమతం వెళ్ళాడు. ఇంతలో శేఖర్ ఫోన్ చేశాడు. "అయిపోయిందా అక్కా?" "బిగించాను. చుక్క పడలేదు." ఒకప్పుడైతే గొడవపడేవాడు. "సరే, రేపొస్తాలే" అన్నాడు.

ఫోన్ పెట్టేసి సీసా మూత తీశాను. ఇంటికి పోయి పడుకోవాలని ఉంది. అన్నీ బిగువుగానే ఉన్నాయి, నాకు తెలుసు. కానీ బిగించింది నేనే కదా. మూత పెట్టేసి, ఇంజిన్ మీద గుడ్డ కప్పాను.