పీటల మీద రెండున్నర గంటలు

రెండు వేల ఇరవై మూడు, మే నెల. విజయవాడలో ఎండ ఎలా ఉందంటే, మా క్లినిక్ ముందు ఆగిన ఆటో సీటు మీద దోసె పోస్తే తిరగేసే పని కూడా ఉండదు. నేను యూరాలజీ క్లినిక్‌లో టెక్నీషియన్ని. ఇరవై రెండేళ్లుగా నా పని యూరోఫ్లోమెట్రీ. పేరు విని రాకెట్లు వదిలే పనేమో అనుకోకండి. ఒక చిన్న గది, అందులో ఒక గరాటు, దాని కింద తూకం యంత్రం. వచ్చినాయన తలుపేసుకుని గరాటులో తన పని కానిస్తాడు. మూత్రధార ఎంత వేగంగా వస్తోందో యంత్రం కాగితం మీద గీత గీస్తుంది. బాగున్నవాడి గీత కొండలా లేచి దిగుతుంది. అడ్డంకి ఉన్నవాడిది బందరు రోడ్డులా బల్లపరుపుగా సాగుతుంది. కృష్ణా జిల్లా మగవాళ్లలో సగంమంది నాకు ముఖాలతో కాదు, గీతలతోనే గుర్తు.

ఆ రోజు వచ్చినాయన సాంబశివరావు గారు. పామర్రులో చీరల కొట్టు. యాభై ఎనిమిదేళ్లు. మనిషి ఆరడుగులు, మీసం దానికి ఒక అంగుళం తక్కువ. పామర్రు నుంచి మా దగ్గరికి కారులో గంట ప్రయాణం. ఆయనకి రెండున్నర గంటలు పట్టింది. ఉయ్యూరులో ఒకసారి దిగారు, కంకిపాడులో రెండుసార్లు. పెనమలూరు దాటాక ఎన్నిసార్లో ఆయన భార్య రాజ్యలక్ష్మి గారు చెప్పబోతుంటే, "ఇక చాల్లేవే" అని ఆపేశారు.

"తమ్ముడూ, నాకు ఈ టెస్టులవీ వద్దు. ఒక ట్యూబు పెట్టించు చాలు," అన్నారు నా చెవిలో.

"ఏ ట్యూబండీ?"

"అదే, ఆపరేషన్ అయినవాళ్లకి పెడతారు చూడు, చివర సంచీ ఉంటుంది. ఒక్క పూటకే. పట్టుపంచె కింద కనపడకుండా నేను సర్దుకుంటా."

ఆయన అడిగేది కాథెటర్. ఎందుకంటే పదకొండు రోజుల్లో కూతురి పెళ్లి. కన్యాదానం చేసే తండ్రి పీటల మీద రెండున్నర గంటలు కూర్చోవాలి. ఈయన అరగంట కూర్చోలేరు. పొత్తికడుపు బరువు, పరుగు పెట్టి వెళ్తే నాలుగు చుక్కలు, మళ్లీ పరుగు.

"మా తమ్ముడు ఏమన్నాడో తెలుసా? 'అన్నయ్యా, నువ్వు లేస్తూ ఉంటే బాగుండదు, నేనూ మీ మరదలూ కూర్చుంటాంలే' అన్నాడు. అనడమేంటి, జరీ పంచె కూడా తీసేసుకున్నాడు. అదీ మా కొట్లోనే!"

"పాపం, మంచికే అన్నాడండీ," అన్నారు రాజ్యలక్ష్మి గారు.

"మంచికే! ఒక్కతే పిల్ల తమ్ముడూ. దాని చెయ్యి నా చేత్తో పట్టుకుని అల్లుడి చేతిలో పెట్టాలి." మీసం కొస వణికింది. ఆ వణుకు పూర్తి కాకుండానే ఆయన బాత్రూము వైపు పరిగెత్తారు.

గరాటు గదిలోకి పంపాను. నాలుగు నిమిషాలు నిశ్శబ్దం. బయటినుంచి రాజ్యలక్ష్మి గారు, "ఏవండీ, కుళాయి తిప్పుకోండి, ఆ చప్పుడికి వస్తుంది!" అని అరిచారు. వెయిటింగ్ హాల్లో ఉన్న పదిమంది మగవాళ్లకీ వచ్చింది, ఈయనకి తప్ప. చివరికి వచ్చిన గీత చీమ నడిచిన దారిలా ఉంది. స్కాన్‌లో చూస్తే లోపల ఇంకా బోలెడు మిగిలే ఉంది.

"క్యాన్సరా డాక్టర్ గారూ?" అని అడిగారు. అప్పుడు ఆ గొంతు ఆరడుగుల మనిషిది కాదు.

మా డాక్టర్ గారు నిదానస్తులు. "ఇదే బాధకి అరడజను మంది అనుమానితులుంటారండీ. ఇన్ఫెక్షన్, ప్రోస్టేట్ గ్రంథి పెరగడం, రాయి, షుగరు, గంటల తరబడి కూర్చుంటే కటి కండరాలు బిగుసుకోవడం. చూడకుండా ఎవర్నీ పట్టుకోకూడదు. ట్యూబు మాత్రం పెళ్లి అలంకారానికి పెట్టను, దాంతోనే ఇన్ఫెక్షన్ వస్తుంది," అన్నారు. మూత్రానికీ, షుగరుకీ, ప్రోస్టేట్‌లో క్యాన్సర్ అనుమానం ఉందేమో చూసే పీఎస్ఏకీ పరీక్షలు రాశారు. బ్లాడర్ డైరీ కూడా ఇచ్చారు. అంటే ఏం తాగారు, ఎంత పోశారు, ఏ మందులు వేసుకున్నారు అని మూడు రోజులు రాసే పుస్తకం.

నాలుగో రోజు డైరీ వచ్చింది. నల్లసిరా సాంబశివరావు గారిది, ఎర్రసిరా రాజ్యలక్ష్మి గారిది. "ఉదయం ఆరు: మజ్జిగ, ఒక గ్లాసు." దాని కింద ఎర్రగా, "చెంబు." "పది: కొబ్బరినీళ్లు, ఒక బొండం." ఎర్రగా, "మూడు." బార్లీ నీళ్లు కాబోయే వియ్యంకుడు చెప్పారట. సబ్జా నీళ్లు అత్తగారి సలహా. పుచ్చకాయ రసం పక్క కొట్టు నుంచి వేళకి వచ్చేస్తోంది. మన డెల్టాలో మగవాడికి మూత్రం తేడా చేసిందంటే తీర్పు తయారుగా ఉంటుంది: "వేడి చేసింది." చెప్పిన ప్రతివాడూ ఒక పానీయం కూడా చెబుతాడు. ఈయన ఎవరి మాటా కాదనలేదు. డాక్టర్ గారు కూడితే రోజుకి ఏడు లీటర్లు తేలింది. కాలవలకి నీళ్లు వదిలే ఇంజనీర్లు కూడా అంత ఉదారంగా వదలరు.

చివరి గడిలో "జలుబు బిళ్ల, మూడు పూటలా" అని ఉంది. అక్కడ డాక్టర్ గారి పెన్ను ఆగింది.

"ఇది ఎప్పటి నుంచి?"

"నెల్లాళ్లయిందండీ. పెళ్లిళ్ల సరుకు బేళ్లు విప్పుతుంటే దుమ్ముకి ముక్కు కారుతోంది. మందుల షాపులో కొనుక్కున్నా."

"ఈ తిప్పలు ఎప్పటి నుంచి?"

"అదీ... ఇంచుమించు నెల్లాళ్లే." ఆయన ముక్కు తడుముకున్నారు. "ముక్కుకి వేసుకున్న బిళ్ల అంత కిందకెలా వెళ్తుందండీ?"

"ముక్కుని బిగించే మందే మూత్రాశయం మూతినీ బిగిస్తుంది. మీకు ప్రోస్టేట్ కాస్త పెరిగి ఉంది, ఆ కాస్తకీ ఇది తోడైంది. లోపల మూత బిగించి, పైనుంచి ఏడు లీటర్లు పోశారు."

"నేను మొత్తుకుంటూనే ఉన్నా, ఆ బిళ్ల మానండీ అని," అన్నారు రాజ్యలక్ష్మి గారు.

"నువ్వు అన్నీ మానమంటావు. ఏది నిజంగా మానాలో నాకెలా తెలుస్తుంది?"

ఇన్ఫెక్షన్ లేదు, షుగరు లేదు, పీఎస్ఏ వయసుకి తగ్గట్టే ఉంది. ఆ మాట విన్నాక ఆయన నా కుర్చీలో కూలబడి మంచినీళ్లు అడిగారు. రాజ్యలక్ష్మి గారు సగం గ్లాసే ఇచ్చారు. డాక్టర్ గారు జలుబు బిళ్ల మాన్పించారు, నీళ్లు రెండు లీటర్ల చిల్లరకి దించారు, ప్రోస్టేట్ దగ్గర కండరం వదులయ్యేందుకు ఒక మందు రాశారు. జ్వరం వచ్చినా, రక్తం కనపడినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా వెంటనే రమ్మన్నారు.

వారం తిరక్కముందే గీత కొండలా లేచింది. హిమాలయం కాదు గానీ, మన మంగళగిరి కొండంత. ఆయన దాన్ని ఫోటో తీసి, కింద ఒక్క ముక్క రాయకుండా, తమ్ముడికి వాట్సాప్‌లో పంపారు.

పెళ్లికి నేనూ వెళ్లాను. అందరూ పెళ్లికూతుర్ని చూస్తుంటే నేను తండ్రి ముఖమే చూస్తూ కూర్చున్నాను. రెండున్నర గంటలూ ఆయన పీట మీద నుంచి కదల్లేదు. కూతురి చెయ్యి ఆయనే పట్టుకున్నారు. తమ్ముడు జరీ పంచె కట్టుకుని భోజనాల దగ్గర సాంబారు వడ్డించాడు. మధ్యలో "ఒక్క నిమిషం" అంటూ రెండుసార్లు లేచింది పురోహితుడు గారే.

ఆ కేసు తర్వాత నా పని గరాటు దగ్గర మొదలవడం మానేసింది. తలుపు వేసుకోకముందే అడుగుతాను, ఏం తాగుతున్నారు, ఏ బిళ్లలు వేసుకుంటున్నారు, ఎవరు చెబితే అని. ఆ తర్వాత ఇంకొకటి అడుగుతాను: "ఈ బాధ వల్ల మీరు ఏ పని దగ్గర కూర్చోలేకపోతున్నారు?" అప్పటిదాకా నేలచూపులు చూసిన మగవాడు అక్కడ తలెత్తి నిజం చెబుతాడు.

ఆ ప్రశ్న మొదట వేసింది ఆ పెళ్లిలోనే, తాంబూలం పుచ్చుకుంటూ నా పక్కకి జరిగి కూర్చున్న పురోహితుడు గారికి.

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు. "సత్యనారాయణ వ్రతం, నాయనా. కథలు ఐదు. నేను మూడో కథ దాటలేకపోతున్నా."