పావురం నెత్తురూ, ఎగిరిన బొటనవేలూ

పావురం నెత్తురు ఆరితే చర్మం బిర్రబిగుసుకుంటుంది. తుప్పు కంపు కొడుతుంది. ఎంత సబ్బు రుద్దినా గోళ్ళ మూలల్లోంచి పోదు. నా కుడి చెయ్యి నెలల తరబడి ఆ కంపే కొట్టింది.

జగిత్యాల నుంచి కోరుట్లకు వస్తున్న ఆటో బోల్తా పడి నా తలకు దెబ్బ తగిలింది. ఎడమవైపు మెదడు నలిగి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. నడక తిరిగి వచ్చింది, చెయ్యి రాలేదు. గంపలకొద్దీ బీడీలు చుట్టిన చెయ్యి అన్నం ముద్ద కూడా ఎత్తలేకపోయింది. ఎడమ చేత్తో తినబోతే మా అత్త కంచం లాగేసింది.

"పుర్రచేత్తోని తింటరా ఎవరన్న? ఇంటికి మంచిది గాదు. నేను పెడుత, నోరు తెరువు."

అప్పుడే బీడీలు చుట్టి లేచిన వేళ్ళతోనే పప్పన్నం పిసికి నోట్లో పెట్టేది. ప్రతి ముద్దలోనూ పొగాకు ఘాటు. నీళ్ళతో లోపలికి తోసుకునేదాన్ని. నాకు ఆ చెయ్యి బీడీల కోసం అక్కర్లేదు, నా ముద్ద నేను కలుపుకుంటే చాలు.

పావురం వైద్యమూ ఆమెదే.

"సిరిసిల్లల మా అన్నకు గిట్లనే కాలు పడిపోతే పావురం నెత్తురు రాసినం, లేసి నడిసిండు. సప్పుడు చెయ్యక కూసో బిడ్డా."

మస్కట్ నుంచి మా ఆయన కూడా ఫోన్లో "అమ్మ చెప్పినట్టు ఇను" అన్నాడు. ఆయనదేం పోయింది, ఫోన్లో వాసన రాదు కదా! అత్త పావురం మెడ కోసి, వెచ్చటి నెత్తురు మోచేతి నుంచి వేళ్ళ దాకా పూసి, గుడ్డ చుట్టి కట్టేసేది.

జగిత్యాలలో నన్ను చూసే డాక్టరు పట్నంలోని పెద్దాసుపత్రికి పంపించాడు. తలకు దెబ్బ తగిలినవాళ్ళ చేతులు ఎలా కోలుకుంటాయో అక్కడ అయస్కాంతంతో పరీక్షిస్తున్నారట. అత్త తోడు వచ్చింది. బయలుదేరే ముందు కూడా ఊరుకోలేదు, ఇంకో పావురం కోసింది.

పట్నం డాక్టరమ్మ నా బొటనవేలి దగ్గర వైర్లు అతికించాలని స్పిరిటు దూదితో తుడిచింది. దూది ఎర్రబడింది. మళ్ళీ తుడిచింది, మళ్ళీ ఎరుపే.

"ఏంటమ్మా ఇది?"

సిగ్గుతో చచ్చిపోయాను. అత్త మాత్రం గొప్పగా చెప్పింది.

రెండు గాజులు పక్కపక్కన పెట్టినట్టున్న అయస్కాంత పరికరాన్ని నా తలకు ఎడమవైపు ఆనించారు. టక్. ఏమీ లేదు. కాస్త జరిపి మళ్ళీ టక్. నా బొటనవేలు ఎగిరింది. నేను కదపలేదు, దానంతట అదే ఎగిరింది. నాకు ఏడుపొచ్చింది.

"మెదడు నుంచి చేతికి దారి పూర్తిగా తెగలేదమ్మా, సన్నగా ఉంది" అంది డాక్టరమ్మ. "కానీ ఇది పరీక్షే, వైద్యం కాదు. ఆ చేత్తో రోజూ ఏదో ఒక పని చేయించు. కట్టి మాత్రం పడెయ్యకు."

అత్త ఆ మాటలు విననే లేదు. "సూసినవా! నా పావురం పని చేసింది!"

కాకి వాలింది, తాటిపండు పడింది. ఇంటికొచ్చేసరికి మా వాడంతా అదే ముచ్చట. రెండ్రోజుల్లో బుట్టెడు పావురాలు దిగాయి, కాళ్ళకు బీడీ దారం కట్టుకుని. ఇక రోజూ నెత్తురు, రోజూ గుడ్డకట్టు. ఆ చేత్తో నేను పని చేయించేదెప్పుడు? ఆమె ఇదంతా ప్రేమతోనే చేస్తోందని తెలుసు. అదే మరీ రోత, తిట్టడానికి కూడా వీల్లేని రోత.

ఓ మధ్యాహ్నం అత్త బీడీలిచ్చి రావడానికి కార్ఖానాకు పోయింది. పళ్ళతో గుడ్డ విప్పేసి బుట్ట ముందు కూర్చున్నాను. ఎడమ చేత్తో ఒక పావురాన్ని ఒళ్ళో అదిమి పట్టుకుని, కుడి బొటనవేలిని దారం కిందికి దూర్చబోయాను. జారింది. మళ్ళీ దూర్చాను, మళ్ళీ జారింది. చెమటలు పట్టాయి. చివరికి ముడి వదులైంది. ఆ పావురం పోతూ పోతూ నా కుడి చేతి మీదే రెట్ట వేసింది. నాకు నవ్వొచ్చింది. మిగతావాటికీ అదే వేలు వాడాను.

అత్త వచ్చి ఖాళీ బుట్ట చూసి నెత్తి కొట్టుకుంది.

"ఎవలు ఇడిసిండ్రే?"

"నీ పావురం బాగుచేసిన చెయ్యే ఇడిసింది అత్తమ్మా."

సబ్బుతో చెయ్యి కడుక్కుని కంచం ముందు కూర్చున్నాను. ఆమె అన్నం కలపబోతే కంచం నా వైపు లాక్కుని, కుడి చేత్తో ముద్ద కలుపుకున్నాను. సగం మెతుకులు చీర మీద పడ్డాయి. నోటి దాకా వచ్చినవాటిలో పొగాకు వాసన లేదు.